ప్రాజెక్ట్ జోంబాయిడ్: క్రొత్త ఆటగానికి ఎట్టి సలహా కావలెను?

చదరంగము నేర్చుకొనువానికి దాని నియమములన్నియు మొదటి దినముననే చెప్పివేయవచ్చును. గుఱ్ఱమెట్లు గెంతునో, ఏనుగు ఎటు నడచునో తెలిసిన పిమ్మట మిగిలినది అభ్యాసమే. వైకుంఠపాళీలో నియమములు ఇంకను స్వల్పము. పాము నోట పడినను, నిచ్చెన యెక్కినను అది గవ్వల చలవయే గాని ఆడువాని నేర్పు గాదు. ఈ రెండింటికిని చెందని మూడవ తరగతి ఆటలు కంప్యూటరు వచ్చిన తరువాత బయలుదేరినవి. వీనిలో నియమములు స్థిరముగానే యుండును గాని వానిని ఎవరును ముందుగా చెప్పరు. ఆటగాడు చూచి, ఊహించి, పరీక్షించి తెలిసికొనవలెను. ప్రకృతి ముందు నిలిచిన శాస్త్రజ్ఞుని స్థితియు సుమారుగా ఇట్టిదే. కనుకనే ఈ ఆటలు ఉపాధ్యాయుల దృష్టికి రాదగినవి.

ఇట్టి వానిలో మిక్కిలి కఠినమైనదని పేరు పొందినది ‘ప్రాజెక్ట్ జోంబాయిడ్’. ‘ది ఇండీ స్టోన్’ అను సంస్థ దీనిని 2011లో మొదట వెలువరించినది. 2013 నవంబరు నుండి ‘స్టీమ్’ అను విక్రయశాల ద్వారా దీనిని అసంపూర్ణ రూపముననే అమ్మకమునకు పెట్టి, అంచెలంచెలుగా సవరించుచు వచ్చినది. 2021 డిసెంబరులో వచ్చిన 41వ కూర్పుతో ఈ ఆటకు విశేష ప్రచారము కలిగెను. 2024 డిసెంబరులో 42వ కూర్పును పరీక్షార్థము విడుదల చేసిరి. ఇచట చెప్పెడి వివరములు 41వ కూర్పునకు చెందినవి.

కథ అమెరికాలోని కెంటకీ రాష్ట్రములో, 1993 జూలై మాసమున ప్రారంభమగును. ఒక అంతుతెలియని రోగము వ్యాపించి జనులు మరణించుదురు. మరణించినవారు లేచి తిరుగుచు బ్రతికియున్నవారిని కరతురు. ఇట్టి కాయములనే జోంబీలందురు. మల్డ్రో, వెస్ట్ పాయింట్, రివర్‌సైడ్, రోజ్‌వుడ్ అను నాలుగు ఊళ్లలో ఒకచోట ఆటగాని పాత్ర ఒంటరిగా కన్ను తెరచును. అన్నము, నీరు, నిద్ర, గాయములకు కట్టు, చలికి బట్ట, అన్నియు ఆ పాత్రయే సంపాదించుకొనవలెను. ఈ ఆటలో గెలుపు అనునది లేదు. ఇది నీ మరణమునకు సంబంధించిన కథయని ఆట ప్రారంభములోనే తెలియజేయును. ఎన్నాళ్లు బ్రతుకగలమన్నదొక్కటే ప్రశ్న.

క్రొత్తగా ఆడువాని పాత్ర సామాన్యముగా మొదటి దినముననే మరణించును. రెండవ పర్యాయమును అంతే. అప్పుడతడు అనుభవజ్ఞుల సలహా కోరును. ఆ సలహాలెట్టివి, వానిలో గుణమేది, లోపమేది అనునదియే ఇచట విచారణీయము.

చచ్చి నేర్చుకొనుమనుట

అన్నింటికంటె విరివిగా వినవచ్చు సలహా యొకటి కలదు: నూరుసార్లు చచ్చినచో నీకే తెలియునని. ఇందులో కొంత నిజము లేకపోలేదు. పొరపాటు చేయక ఏ విద్యయు రాదు. కాని పొరపాటు దానంతటది గురువు కాజాలదు. పొరపాటునకు కారణము తెలిసినప్పుడే అది పాఠమగును. కారణము తెలియని మరణములు నూరైనను పాఠములు కావు. అవి నూరు మరణములు మాత్రమే.

ఒక ఉదాహరణము. ఆటలో పాత్రకు వికారము పుట్టినట్లు తెర అంచున ఒక గుర్తు కనబడును. తరువాత అది ముదిరి జ్వరముగా మారవచ్చును. క్రొత్తవాడు దానిని చూచినంతనే తనకు జోంబీ రోగము సోకినదని నిశ్చయించుకొని ఆశ వదలుకొనును. కాని అదే గుర్తు క్రుళ్లిన ఆహారము తిన్నను వచ్చును. శవములు గుట్టగా పడియున్నచోట ఎక్కువసేపు మసలినను వచ్చును. మొదటిదైనచో చికిత్స లేదు. రెండవదైనచో విశ్రాంతితోను, మంచి ఆహారముతోను కోలుకొనవచ్చును. మూడవదైనచో శవములకు దూరముగా పోయిన చాలును. లక్షణ మొకటి, కారణములు మూడు. ఈ భేదము నెఱుగనివాడు పదిసార్లు వికారముతో మరణించినను పదునొకండవసారి ఏమి చేయవలయునో ఎఱుగడు. ఏమి తింటిని, ఎచట నుంటిని, గాయమేమైన తగిలినదా అని వెనుకకు పోయి ప్రశ్నించుకొనువాడు రెండవసారికే ఎఱుగును.

చచ్చి నేర్చుకొనుమని చెప్పువారు తాము నేర్చిన విధమును మరచినవారు. వారును ఎచటనో ఒకచోట ఆగి, కారణము వెదకి యుందురు. ఆ వెదకిన పనిని విడిచి, చచ్చిన సంఖ్యను మాత్రము జ్ఞాపకముంచుకొనిరి.

ఆజ్ఞల పట్టిక

రెండవ తరగతి సలహాలు ఆజ్ఞల రూపమున ఉండును. పరుగెత్తకుము. తుపాకి పేల్చకుము. నీరు నింపుకొనుము. జనరేటరు ఇంటిలో పెట్టకుము. రోజ్‌వుడ్‌లో ఆరంభింపుము. ఇవి చాలవరకు సత్యములే. అయినను వీనిని కంఠస్థము చేసినవాడు, పట్టికలో లేని పరిస్థితి యెదురైన క్షణమున మరల నిస్సహాయుడగును. సూత్రమును బట్టీపట్టిన విద్యార్థి, ప్రశ్నలోని అంకెలను గాక ప్రశ్న స్వరూపమునే మార్చినచో ఎట్లు తెల్లబోవునో అట్లే.

ఈ పట్టికలలోని ముఖ్యలోపము వేఱొకటి. ఆటలోని నియమములు ఒకే జాతివి కావు. వానిని మూడు తెగలుగా విభజింపవచ్చును. కొన్ని ప్రకృతిని అనుసరించినవి. వానిని లోకానుభవముచేత ఊహింపవచ్చును. కొన్ని ఆట నిర్మించినవారు పెట్టుకొన్న కట్టుబాట్లు. వానిని ఎంత తెలివిగలవాడును ఊహింపలేడు. మరికొన్ని సంభావ్యతకు లోబడినవి. వానిని ఒక్క అనుభవముతో తేల్చుటకు వీలులేదు. మంచి సలహా తానే తెగకు చెందినదో తెలుపవలెను. పైన చెప్పిన పట్టికలు ఆ పని చేయవు.

ప్రకృతి ననుసరించిన నియమములు

పరుగెత్తకుమను సలహాను తీసికొందము. పరుగెత్తినచో పాత్రకు ఆయాసము కలుగును. ఆయాసపడిన పాత్ర కొట్టు దెబ్బలో బలము తగ్గును, కదలిక మందగించును. పరుగు చప్పుడునకు మరికొన్ని జోంబీలు మళ్లును. మోసెడి బరువు ఎక్కువైనకొలది ఓపిక ఇంకను త్వరగా హరించును. సాధారణపు అమరికలో జోంబీలు ఈడ్చుకొనుచు నడచునవే గాని పరుగెత్తునవి కావు. ఆరోగ్యముగా, తేలికగా ఉన్న పాత్ర సామాన్యముగా నడకతోనే వానికి దూరము కాగలదు. ఓపిక అనునది చేతిలోని ధనమువంటిదని, దానిని తప్పించుకొనవలసిన సమయమునకై నిలువ చేయవలయునని తెలిసినవానికి ‘పరుగెత్తకుము’ అను ఆజ్ఞతో పని లేదు. ఎప్పుడు పరుగెత్తవలయునో కూడ అతడే తెలిసికొనును.

ధ్వని విషయమును ఇట్టిదే. ఆటలో ప్రతి చప్పుడునకును వినబడు హద్దు ఒకటి కలదు. కఱ్ఱదెబ్బ కొంతదూరము, కిటికీ అద్దము పగిలిన శబ్దము మరికొంత దూరము, తుపాకి మ్రోత వీనికంటె మిక్కిలి దూరము పోవును. తుపాకితో ఎదుటనున్న ఐదు జోంబీలను కొట్టినవాడు కంటికి కనబడని ఏబదింటిని పిలిచినవాడగును. ఈ కారణము తెలిసినవాడు అదే ధ్వనిని సాధనముగా కూడ వాడుకొనును: ఒకచోట చప్పుడు చేసి జోంబీలను అటు మళ్లించి, తాను వేఱుదారిని పోవును.

తక్కువ యెత్తు కంచె మరియొక ఉదాహరణము. పాత్ర కంచె కావల నిలిచినచో, వెంబడించి వచ్చిన జోంబీ దానిపైబడి దాటుచు నేలపై బోర్లపడును. లేచులోపల దానిని కొట్టుట సులభము. పదింటితో ఒక్కసారి పోరాడుటకు మారుగా, ఒక్కొక్కదానితో పదిసార్లు పోరాడవచ్చును. 

విద్యుత్తు, కుళాయి నీరు మొదటి నెలలో ఏదో ఒక దినమున నిలిచిపోవును. ఆ దినము ఆటగానికి తెలియదు. విద్యుత్తు నిలిచినచో శీతలపేటిక పనిచేయదు. అందులోని ఆహారము క్రుళ్లును. కనుక త్వరగా చెడునవి ముందు తినవలెను, డబ్బాలలోనివి తరువాతకు ఉంచవలెను. నీరున్నంతలో పాత్రలన్నియు నింపవలెను. వాననీరు పట్టినచో కాచి త్రాగవలెను. పాఠశాలలో ఆరోగ్యశాస్త్రము చదివిన బాలునకు ఇవి క్రొత్తవి కావు.

జనరేటరు సంగతి సైన్సు ఉపాధ్యాయునకు మరింత ఉపయోగకరము. దానిని ఇంటిలోపల పెట్టి నడపినచో పాత్ర విషవాయువుచేత మరణించును. ఇది కల్పన గాదు. పెట్రోలు చాలినంత ఆక్సిజను లేక మండినప్పుడు కార్బన్ మోనాక్సైడు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హీమోగ్లోబిన్‌తో అది ఆక్సిజనుకంటె 200 రెట్లకు మించిన గాఢతతో కలియును. కనుక శరీరమునకు ఆక్సిజను అందదు. ఆటలో ఈ మరణము పొందిన విద్యార్థికి కారణము బోధించినచో, ఆ పాఠము ఆట ముగిసిన తరువాతను అతని యింటిని కాపాడును.

కట్టుబాట్లు

అదే జనరేటరు విషయములో రెండవ తెగ నియమము కూడ కలదు. విద్యుత్ పనివాని వృత్తిని ఎన్నుకొననివాడు, ఆ పనిలో తగినంత నేర్పు సంపాదింపనివాడు దానిని ఇంటికి కలుపుటకు ముందు, జనరేటరు వాడుకను గూర్చిన ఒక పత్రికను వెదకి చదివి తీరవలెను. ఆ పత్రిక ఏ గ్రంథాలయమునందో, ఏ తపాలా పెట్టెలోనో దొరకవచ్చును. నిజలోకములో చదువుకొన్న మనుష్యుడు యంత్రము మీది సూచనలు చూచి కొంత తంటాలుపడి నడపుకొనగలడు. కాబట్టి ఈ నియమము లోకానుభవముచేత తట్టునది కాదు. తొలి దినములలో దూరదర్శినిలో వచ్చు కొన్ని కార్యక్రమములు చూచినచో పాత్రకు వంట, వడ్రంగము మొదలగు పనులలో నేర్పు పెరుగుననుటయు ఇట్టిదే. తెలిసినవానికి లాభము, తెలియనివాడు దూరదర్శినిని త్రిప్పనైనను త్రిప్పడు.

ఇట్టి కట్టుబాట్లను స్వయముగా కనుగొనుమనుట న్యాయము గాదు. అక్షరముల ఆకారములను బాలుడు తానే కనుగొనవలయునని ఏ ఉపాధ్యాయుడును కోరడు, వానిని చెప్పివేయును. ఆలోచనచే సాధింపదగినదానిని ఆలోచనకు విడిచి, చెప్పవలసినదానిని చెప్పుటయే బోధనలోని మర్మము. క్రొత్తవాడు ఇట్టి వివరములను ఇతరుల నడిగి తెలిసికొన్నచో అందు చిన్నతనమేమియు లేదు.

ఈ విషయమున ఆట నిర్మాతలదియు కొంత దోషము కలదు. ఆటతోపాటు ఇచ్చిన ప్రవేశపాఠము నడచుట, నక్కుట, కొట్టుట, త్రోయుట వంటి కదలికలను నేర్పును గాని, పైన చెప్పిన కట్టుబాట్లకు చేరదు. ఆటలోనే ఆధారమును అమర్చిన తావులును కలవు. మొదటి వారము చివర ఒక హెలికాప్టరు వచ్చి పాత్రపైననే తిరుగుచు, తన మ్రోతతో చుట్టుప్రక్కల జోంబీలనన్నిటిని ఆకర్షించును. ఇది ఎఱుగక నాశనమైనవారు అసంఖ్యాకులు. కాని రేడియోలోని అత్యవసర ప్రసారమును రోజూ వినువానికి ఆకాశములో సంచారమున్నట్లు సూచన అందును. ఇది మంచి పద్ధతి. గమనించువానికి ప్రకృతివలె ఆనవాలు చూపుచున్నది. జనరేటరు విషయమునను ఇట్టి ఆనవాలును అమర్చియున్నచో ఆటకు గౌరవము పెరిగెడిది.

సంభావ్యత

మూడవ తెగ నియమములు గాయములకు సంబంధించినవి. జోంబీ కరచినచో రోగము నిశ్చయముగా సోకును. సాధారణపు అమరికలో రెండు మూడు దినములలో పాత్ర మరణించును. చర్మము చీరుకొనిన గాయమైనచో సోకుటకు 25 శాతము, గీరుకొనిన గాయమైనచో 7 శాతము అవకాశము.

ఇచట క్రొత్తవారు రెండు విధముల పొరబడుదురు. మొదటి గీతతోనే రోగము సోకినవాడు గీత మరణమేనని ప్రచారము చేయును. మూడు గీతలు పడియు బ్రతికినవాడు గీత నిరపాయమని సలహా చెప్పును. ఇద్దరును తమ కంటితో చూచినదే చెప్పుచున్నారు. ఇద్దరును తప్పే చెప్పుచున్నారు. లెక్క వేసి చూచిన విషయము తేటపడును. ఒక గీతకు సోకకుండుటకు అవకాశము 0.93. పది గీతలు పడియు సోకకుండుటకు 0.93ను పదిసార్లు గుణింపవలెను. అది సుమారు 0.48. అనగా ఒక్కొక్కటి అల్పమైన అపాయమే అయినను, పదింటిలో ఒక్కటియైన సోకుటకు 52 శాతము అవకాశము కలదు. చీలిక గాయములు మూడైన చాలును, ఆ అవకాశము 58 శాతమగును. తోలు చొక్కా, మందపు కోటు ధరింపుమను సలహా వెనుకనున్న విలువ ఇప్పుడు తెలియును. ఒక్క పోరాటములో దాని ఉపయోగము కనబడకపోవచ్చును. నూరు పోరాటములలో అదియే బ్రదుకును నిర్ణయించును.

ఉన్నత పాఠశాలలో సంభావ్యత బోధించునప్పుడు నాణెములు, పాచికలు తప్ప వేఱు ఉదాహరణములు దొరకుట కష్టము. విద్యార్థికి ప్రీతికరమైన ఈ ఉదాహరణము ఉపాధ్యాయునకు అక్కరకు వచ్చును.

సులభము చేసికొనుట తప్పా?

ఈ ఆటలో ‘శాండ్‌బాక్స్’ అను విభాగము కలదు. అందు ఆటగాడు లోకపు అమరికలను తన యిచ్ఛవచ్చినట్లు మార్చుకొనవచ్చును. జోంబీల సంఖ్యను తగ్గింపవచ్చును, అసలే లేకుండ చేయవచ్చును. రోగము సోకుటను నిలిపివేయవచ్చును. అనుభవజ్ఞులలో కొందరికి ఈ విభాగమనిన చులకన. కఠినమైన ఆటను కఠినముగానే ఆడవలయునని, సడలించుకొనుట పిఱికితనమని వారి వాదము.

ఈ వాదము విద్యాభ్యాసమునకు మిక్కిలి హాని చేయునట్టిది. ప్రయోగశాలలో లోలకపు డోలనకాలమును కొలుచునప్పుడు పొడవును మాత్రము మార్చి, తక్కినవానిని స్థిరముగా నుంతురు. అన్నియు ఒక్కసారి మారినచో ఏ మార్పునకు ఏది కారణమో తేల్చుటకు వీలుండదు. క్రొత్తవాడు సాధారణపు ఆటలో మరణించినప్పుడు సరిగా ఇదియే జరుగుచున్నది. ఆయాసము, భయము, బరువు, చీకటి, చప్పుడు, గాయము అన్నియు ఒక్క నిమిషమున కలిసివచ్చును. ఏది తనను చంపినదో అతడెట్లెఱుగును?

శాండ్‌బాక్స్ అతనికి ప్రయోగశాల. మొదట జోంబీలు లేని లోకమున ఒక వారము గడపి ఆకలి, దప్పి, బరువు, నిద్ర వీని లెక్కలు తెలిసికొనవచ్చును. డబ్బాలోని ఆహారము చేతనున్నను మూత తెరచు పరికరము లేనిచో పస్తుండవలయునను సంగతి అచట ప్రాణాపాయము లేకయే తెలియును. పిదప కొద్ది జోంబీలనుంచి, రోగము సోకకుండ అమర్చి, పోరాటమును, ఓపికను, కంచెను పరీక్షింపవచ్చును. తరువాత రోగమును, చివరకు సంఖ్యను చేర్చవచ్చును. ప్రతి మెట్టునను ఒక్కటే మారుచున్నది గనుక ప్రతి మరణమునకును కారణము కనబడును. ఇట్లు నాలుగు మెట్లెక్కినవాడు సాధారణపు ఆటకు వచ్చినప్పుడు కాఠిన్యము తగ్గదు, అయోమయము తగ్గును. ఆట యొక్క గొప్పతనము కాఠిన్యములో నున్నది గాని అయోమయములో లేదు.

తరగతిలో కఠినమైన లెక్క చేయలేక, సులభమైనది ముందు ఇప్పించుమని అడిగిన విద్యార్థిని నవ్వులపాలు చేయు ఉపాధ్యాయుడును ఇదే తప్పు చేయుచున్నాడు. ఆ విద్యార్థి శ్రమకు వెఱచినవాడు కాకపోవచ్చును. తాను తడబడుచున్న తావును విడదీసి చూపుమని కోరుచుండవచ్చును.

గుణదోషములు

ఆటలోని లోకము నిజలోకమునకు నమూనా మాత్రమే. నిజమైన రోగములు ఇంత స్థిరమైన శాతములతో సోకవు; వానిలో వ్యక్తి ఆరోగ్యము, చికిత్స, కాలము మొదలగు ఎన్నియో విషయములు చేరును. ధ్వనికి గీత గీసినట్లు హద్దును ఉండదు. ఆటలోని వైద్యమును నిజమైన గాయమునకు ప్రయోగింపరాదని విద్యార్థులకు స్పష్టముగా చెప్పవలెను. రక్తపాతము, శవములు విస్తారముగా చూపబడుటచేత ఇది చిన్నపిల్లలకు తగినది కాదు.

ఈ హద్దులకు లోబడి చూచినచో, ఇది ఆలోచనకు ఫలమిచ్చు ఆట. ఒక పాత్ర మరణించినను ఆ లోకము నశింపదు. అదే లోకమున క్రొత్త పాత్రతో మరల ఆరంభించి, వెనుకటి పాత్ర కూడబెట్టిన సామగ్రిని వెదకి తీసికొనవచ్చును. ఆ పాత్ర నేర్చిన వడ్రంగము, వంట దానితోనే పోవును. ఆటగాడు నేర్చినది మాత్రము అతనితో నిలుచును, కారణముతో నేర్చియున్నచో.

కాబట్టి ఈ ఆటను గూర్చి ఎవరేమి సలహా చెప్పినను క్రొత్తవాడు ఒక్క ప్రశ్న అడుగవలెను: ఎందుచేత? చెప్పినవాడు కారణము చూపగలిగినచో అది మొదటి తెగది, పరీక్షించి చూడవలెను. ఆట అట్లు అమర్చబడినది అన్నచో రెండవ తెగది, జ్ఞాపకముంచుకొనవలెను. నాకట్లు జరిగినది అన్నచో బహుశః మూడవ తెగది. ఎన్నిసార్లు జరిగినదని మరల అడుగవలెను.